కరెంటు పోయిన తర్వాతి కథ

దెయ్యాల సినిమాలంటే నాకు ఇష్టమని చెప్పినప్పుడల్లా ఎదుటివారి ముఖంలో ఒక చిన్న నవ్వు కదలడం చూస్తుంటాను. నలభై దాటినవాడు, నాలుగు మంచి పుస్తకాలు చదివినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఇతనికి ఈ గోల ఎందుకన్నది ఆ నవ్వుకు అర్థం. మా ఆవిడైతే నవ్వదు, నేరుగానే అడుగుతుంది. "దెయ్యాల్లేవంటరు. మళ్ల సగం రాత్రి దాంక అవ్వే చూస్తరు. ఏందండీ ఇది?"

జవాబు చెప్పడం అంత తేలిక కాదు. దెయ్యాలున్నాయని నేను నమ్మను. కానీ భయం ఉంది. అది ఉన్నదని నాకు చాలా చిన్నతనంలోనే, చాలా దగ్గరగా తెలిసింది.

కోట్లు ఖర్చుపెట్టి తీసిన భయానక చిత్రాలు నన్ను పెద్దగా ఆకట్టుకోవు. గోడల మీద పాకే రూపాలు, చెవులు చిల్లులు పడే శబ్దాలు, నడుమ నాలుగు పాటలు, హాలు బయటికి రాగానే అన్నీ మరిచిపోతాను. నాకు ఇష్టమైనవి చిన్న సినిమాలు. పెద్ద సంస్థల అండ లేక, పేరున్న నటులు దొరక్క, ఒక ఇల్లు, నలుగురు మనుషులు, ఒక రాత్రి, వీటితోనే సరిపెట్టుకుని సొంతంగా తీసినవి. స్వతంత్ర చిత్రాలని మనం ఇప్పుడిప్పుడే పిలవడం నేర్చుకుంటున్నవి. డబ్బు లేనివాడు దెయ్యాన్ని గొప్పగా చూపించలేడు. అందుకని మూసిన తలుపును చూపిస్తాడు. ఆ తలుపు వెనుక ఏమున్నదో ఊహించుకునే పనిని మనకు అప్పగిస్తాడు.

ఆ పనిలో నేనొకసారి ఒక తప్పు చేశాను. అభిమాని రాసుకునే మెప్పుకోలుగా మొదలైన ఈ వ్యాసం ఎటు తిప్పినా చివరికి అక్కడికే చేరుతోంది. కాబట్టి ముందే చెప్పేస్తాను.

* * *

మాది తరిగొప్పుల. ఇప్పుడు జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడకముందు వరంగల్ జిల్లా కింద, నర్మెట్ట మండలంలో ఒక ఊరు. వాన పడితేనే పంట, లేకుంటే లేదు. తాటిచెట్లు, చెలకలు, చెరువు. మా చిన్నతనంలో చీకటి పడిందంటే నిజంగానే చీకటి పడేది.

1993 వినాయక చవితికి మా వాడ కుర్రవాళ్ళు చందాలు వేసుకుని జనగామ నుంచి ఒక రంగుల టీవీ, ఒక వీసీపీ, నాలుగు క్యాసెట్లు అద్దెకు తెప్పించారు. గణపతి పందిరి పక్కనే బల్ల మీద టీవీ పెట్టారు. ఊరంతా చాపలు, గోనె సంచులు తెచ్చుకుని కూర్చున్నారు. మొదట భక్తి చిత్రం. తర్వాత ఒక కొట్లాటల చిత్రం. అర్ధరాత్రి దాటాక, ఆడవాళ్ళు చాలామంది లేచి వెళ్ళాక, మూడో క్యాసెట్ పెట్టారు. రామ్‌గోపాల్ వర్మ తీసిన 'రాత్రి'. 1992లో వచ్చిన చిత్రం. తేజ ఛాయాగ్రహణం, మణిశర్మ నేపథ్య సంగీతం అని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు నాకు పదకొండేళ్ళు, రేవతి తప్ప ఎవరూ తెలియదు.

మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక కుటుంబం కొత్త ఇంట్లోకి వస్తుంది. ఇంటి పిల్లవాడికి ఒక పిల్లికూన దొరుకుతుంది. అది కారు కింద పడి చచ్చిపోతుంది. పిల్లవాడికి తెలియకుండా పాతిపెడతారు. మర్నాడు చూస్తే ఆ పిల్లికూన మళ్ళీ వాడి దగ్గరే ఉంటుంది. సరిగ్గా ఆ ఘట్టం దాటిందో లేదో, కరెంటు పోయింది.

ఆ రాత్రి ఇక రాలేదు. కాసేపు అందరూ కూర్చున్నారు. ఎవరో పిల్లిలా అరిచారు, ఎవరో తిట్టారు, తర్వాత చాపలు చుట్టుకుని ఇళ్ళకు పోయారు. నేను మా అమ్మ కొంగు పట్టుకుని నడిచాను. తెల్లవారితే టీవీ, వీసీపీ జనగామకు తిరిగి పోయాయి. మా ఊళ్ళో ఆ సినిమా చివర ఏమైందో తెలిసినవారు ఒక్కరూ లేరు.

మర్నాడు బడి దగ్గర అందరిదీ ఒకటే ప్రశ్న. ఆ పిల్లి ఎట్లా బతికింది? నాకు కథలు చెప్పే అలవాటు ఉండేది. చేర్యాల మాకు దగ్గరే. అక్కడి నకాషీ పటాలు పట్టుకుని కథ చెప్పేవాళ్ళు మా వైపు వచ్చేవారు. ఎర్రటి నేల మీద వరుసగా బొమ్మలు, చుట్ట కొంచెం కొంచెం విప్పుతూ కథ నడిపేవారు. ఇంకా విప్పని చుట్టలో ఏ బొమ్మ ఉన్నదోనని మేము మెడలు సాచి చూసేవాళ్ళం. ఆ రోజు బడి గోడ పక్కన ఆ చుట్ట నా చేతిలో ఉన్నట్టనిపించింది. మా మామ హైదరాబాదులో ఈ సినిమా పూర్తిగా చూశాడని, నాకు చెప్పాడని అబద్ధం ఆడాను. ఆ పిల్లి ఒక ముసలామెదని, ఆమె ఊరి చివర ఒంటరిగా ఉంటుందని, తన పిల్లి జోలికి పోయిన ఇంట్లో పిల్లలను ఒక్కొక్కరినీ మంచాన పడేస్తుందని చెప్పాను.

ఎక్కడినుంచి వచ్చిందా ముసలామె? మా బడి గేటు దగ్గరే కూర్చుని ఉండేది. గంపలో గుడాలు, చలికాలమైతే రేగుపండ్లు అమ్మేది. చెరువు వైపు వాడ చివర గూనపెంకల ఇంట్లో ఒక్కతే ఉండేది. బూడిదరంగు పిల్లి ఒకటి ఆమె వెంట బడి దాకా వచ్చి, గంప నీడలో పడుకునేది. మేము ఆమెను 'పిల్లి అవ్వ' అనేవాళ్ళం. నేను ఆమె పేరు ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం లేకపోయింది. కథ చెబుతున్నంతసేపూ మా వాళ్ళంతా గేటు వైపే చూస్తున్నారు. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే, వాళ్ళు అటు చూసిన క్షణంలో నాకు కలిగిన గర్వం ఇప్పటికీ గుర్తుంది. ఎందుకంటే వాళ్ళు నిజంగా భయపడ్డారు.

ఆ వారంలోనే ఆమె దగ్గర గుడాలు కొనడం మానేశారు పిల్లలు. మధ్యాహ్నం గంటకు ఖాళీ కావలసిన గంప సాయంత్రం నిండుగా తిరిగి వెళ్ళేది. నెల తిరిగేసరికి మా తరగతిలో ఒకడికి జరమొచ్చింది. ఆ రోజుల్లో జరాలు మామూలే. కానీ వాడు నిద్రలో పిల్లి, పిల్లి అని కలవరించాడట. వాళ్ళమ్మ ఎవరినో తెచ్చి తాయెత్తు కట్టించింది. వచ్చినవాడు పేరేమీ చెప్పలేదట, 'దగ్గరి వాళ్ళ పనే' అన్నాడట. అక్కడి నుంచి పెద్దవాళ్ళ నోట్లోకి ఆ మాట వచ్చింది. మా వైపు ఆ మాట తెలియనివారుండరు. బాణామతి.

ఎవరూ ఆమెను కొట్టలేదు. ఎవరూ పళ్ళూడగొట్టలేదు, పెట్రోలు పోయలేదు. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అనుమానంతో ఎంతమంది ప్రాణాలు పోయాయో పత్రికలు చదివేవారికి తెలుసు. ఆ లెక్కన మా ఊరిలో ఏమీ జరగలేదనే చెప్పాలి. బిందె బావి దగ్గరికి తెస్తే మిగతావాళ్ళు పక్కకు జరిగారు. శుభకార్యానికి పిలవడం మానేశారు. ఒకరోజు పొద్దున ఆమె పిల్లి కనిపించలేదు. నేను బడికి పోతుంటే ఎదురొచ్చి అడిగింది.

"బిడ్డా, నా పిల్లిని ఏడన్న చూసినవా?"

చూశాను. చెరువు కట్ట కింద, రాళ్ళ మధ్య. ముందురోజు సాయంత్రం పెద్దపిల్లలు దాని వెంటపడ్డప్పుడు నేనూ ఆ గుంపు వెనకాల ఉన్నాను. రాయి వేయలేదు. లేదవ్వా అని చెప్పి పరుగెత్తాను.

సంక్రాంతికి ముందే ఆమె ఇంటికి తాళం వేసి బిడ్డ దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

* * *

తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడికి జన విజ్ఞాన వేదిక వాళ్ళు వచ్చారు. పసుపు నీళ్ళలో సున్నం కలిపి నెత్తురు చేశారు. అరచేతిలో కర్పూరం వెలిగించి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చారు. పొటాషియం పర్మాంగనేటు మీద గ్లిజరిన్ చుక్కలు వేసి అగ్గిపుల్ల లేకుండానే మంట పుట్టించారు. ఇవే బాణామతి మహిమలని ఊళ్ళలో చెప్పుకునేవని వివరించారు. మేమంతా చప్పట్లు కొట్టాం. నేను ఇంటికి వచ్చి ఎవరికీ తెలియకుండా ఏడ్చాను. నెత్తురు ఎట్లా చేస్తారో వాళ్ళు చెప్పారు. కథ ఎట్లా చేస్తారో నాకు అంతకుముందే తెలుసు.

డిగ్రీకి హైదరాబాదు వచ్చాక అద్దె సీడీల మీద 'రాత్రి' పూర్తిగా చూశాను. నేను కల్పించిన ముగింపుతో దానికి పోలికే లేదు. సినిమా అయిపోయాక చాలాసేపు ఖాళీ తెర ముందు కూర్చున్నాను. ఆ తర్వాత నుంచే నాకు ఈ పిచ్చి పట్టుకుంది. దొరికిన ప్రతి చిన్న భయానక చిత్రమూ చూడటం మొదలుపెట్టాను. భయపడటానికని అనుకునేవాణ్ణి. నిజానికి, నేను చేసిన పనే చేసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో, ఉంటే వాళ్ళు దాన్ని ఎట్లా చేశారో చూడాలన్న ఆరాటం అది.

అట్లా వెతుకుతుండగా దొరికినదే జార్జ్ రొమెరో 1968లో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'. పిట్స్‌బర్గ్ నగరంలో వ్యాపార ప్రకటనలు తీసుకునే కొందరు మిత్రులు, మొదట పదిమంది తలా 600 డాలర్లు వేసుకుని మొదలుపెట్టిన చిత్రం. చివరికి అయిన ఖర్చు సుమారు 1,14,000 డాలర్లు. నలుపు తెలుపుల్లో తీశారు. కూల్చివేయబోతున్న ఒక పాత పొలం ఇంటిని వాడుకున్నారు. నెత్తురుకు చాక్లెట్ పాకం వాడారు. విడుదల వేళ పేరు మార్చినప్పుడు, కొత్త పేరు పక్కన ఉండవలసిన కాపీహక్కు ప్రకటన జారిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ చిన్న పొరపాటుతో సినిమా అందరి సొత్తైంది. తీసినవాళ్ళకు రావలసిన సొమ్ము రాకుండా పోయింది గానీ, ప్రపంచంలో ఏ మూలనున్నవాడైనా దాన్ని చూడగలిగాడు. అట్లా చూసినవాళ్ళలో నేనొకణ్ణి.

కథ చాలా చిన్నది. చచ్చినవాళ్ళు లేచి నడుస్తుంటారు. ఏడుగురు మనుషులు ఒక ఇంట్లో చిక్కుకుంటారు. వాళ్ళలో బెన్ అనే నల్లజాతి యువకుడు. డ్వేన్ జోన్స్ వేశాడు ఆ పాత్ర. తలుపులకు చెక్కలు కొట్టి, ఆలోచించి, పోరాడి రాత్రంతా నిలబడినవాడు అతడొక్కడే. లోపలివాళ్ళు నేలమాళిగలో దాక్కోవాలా, పైన ఉండాలా అని కొట్లాడుకుని ఒక్కొక్కరే పోతారు. తెల్లవారుతుంది. తుపాకులు పట్టుకున్న ఊరి మగవాళ్ళు దండుగా వస్తారు. బెన్ కిటికీలోంచి చూస్తాడు. దూరం నుంచి వాళ్ళు అతణ్ణి కూడా పిశాచమనుకుని కాల్చేస్తారు. చివర్లో కదలని ఛాయాచిత్రాలు కొన్ని. కొక్కేలతో అతని శవాన్ని లాగి మంటలో వేయడం.

రాత్రంతా దెయ్యాలు చేయలేని పని తెల్లవారాక మనుషులు చేశారు. వాళ్ళ ముఖాల్లో ద్వేషం కూడా లేదు. మంచి పనే చేస్తున్నామన్న నెమ్మది ఉంది. ఆ నెమ్మది నేను మా బావి దగ్గర చూశాను. బిందెలు పక్కకు జరిపిన ఆడవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అందులో మా అమ్మ కూడా ఉంది.

రెండోది 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్'. డేనియల్ మైరిక్, ఎడ్వార్డో సాంచెజ్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు తీసినది. 1997 అక్టోబరులో ఎనిమిది రోజుల్లో చిత్రీకరణ ముగించారు. ముగ్గురు నటులకే కెమెరాలిచ్చి అడవిలోకి పంపారు. రోజువారీ సూచనలు చిన్న చీటీల మీద రాసి అందించారు. తిండి రోజురోజుకూ తగ్గించారు. మంత్రగత్తె ఒక్కసారి కూడా కనిపించదు. పుల్లలతో కట్టిన బొమ్మలు, రాళ్ళ కుప్పలు, గుడారం బయట శబ్దాలు, అంతే. 1999లో విడుదలై ప్రపంచమంతటా సుమారు 24.8 కోట్ల డాలర్లు వసూలు చేసింది. చూపించకపోవడంలో ఎంత బలముందో తెలుసుకోవాలంటే ఇంతకు మించిన పాఠం లేదు.

ఆ బలం సంగతే నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ కథంతా కల్పన. కానీ అది జరిగినట్టు చెప్పిన బర్కిట్స్‌విల్ మేరీలాండ్ రాష్ట్రంలో నిజంగా ఉన్న చిన్న ఊరు. సినిమా వచ్చాక జనం మంత్రగత్తెను వెతుక్కుంటూ ఆ ఊరి మీద పడ్డారు. ఊరి పేరు రాసిన పలకలు ఎత్తుకుపోయారు. నటులు సొంత పేర్లతోనే నటించారు, వాళ్ళు నిజంగానే అడవిలో తప్పిపోయారన్నట్టు ప్రచారం జరిగింది. నాయిక హెదర్ డొనహ్యూ తల్లికి సానుభూతి ఉత్తరాలు వచ్చాయి. సొంత పేరును ఆ నీడ వదలక, ఆమె తర్వాతి కాలంలో రే హాన్స్ అని పేరు మార్చుకున్నారు. కథకుడు ఖాళీగా వదిలిన చోట ఎవరో ఒకరి పేరు వచ్చి కూర్చుంటుంది. ఇది అమెరికాలోనూ అంతే, మా బడి గేటు దగ్గరా అంతే.

* * *

మన తెలుగులో ఇటువంటి చిత్రాలు లేవా అంటే, ఉన్నాయి. ఒక వరుసగా, ఒక ఉద్యమంగా రాలేదు. అక్కడొకటి, ఇక్కడొకటి వచ్చాయి.

రవిబాబు 2012లో తీసిన 'అవును'లో కొత్తగా పెళ్ళైన ఒక జంట, ఒక కొత్త ఇల్లు, కంటికి కనిపించని ఒక మగ చూపు. పూర్ణ ఆ ఇంట్లో ఒంటరిగా తిరుగుతున్నప్పుడు ఆమెను ఎవరో చూస్తున్నారన్న సంగతి మనకు తెలుస్తుంది, ఆమెకు తెలియదు. సినిమా చూసి వచ్చాక మా ఆవిడ అన్న మాట నాకు చాలాకాలం గుర్తుంది. "ఇందుల దెయ్యమేముంది? బస్సుల రోజూ ఉండేదేనాయె." మహి వి. రాఘవ్ 2017లో తీసిన 'ఆనందో బ్రహ్మ' నవ్వుల చిత్రమే గానీ, అందులో దెయ్యాలే మనుషులను చూసి భయపడతాయి. తిరగేసిన ఆ ఊహ నాకు హాస్యంగా కంటే న్యాయంగా తోచింది.

తమిళం నుంచి వచ్చిన 'పిజ్జా' గురించి చెప్పాలి. చూడనివారు ఈ పేరా వదిలేయండి. కార్తీక్ సుబ్బరాజ్ 2012లో తీసిన మొదటి చిత్రం. పిజ్జాలు చేరవేసే కుర్రవాడు ఒక ఇంట్లో చిక్కుకుని నరకం చూస్తాడు. మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. చివరికి తేలేదేమిటంటే, ఆ రాత్రి కథంతా అతడు యజమానిని నమ్మించడానికి అల్లినది. అది తేలిన క్షణంలో హాలంతా చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేకపోయాను. అబద్ధమాడి అందరినీ వణికించిన ఆ కుర్రవాడి ముఖం నాకు బాగా తెలిసిన ముఖం.

'మా ఊరి పొలిమేర' 2021లో నేరుగా ఓటీటీలో వచ్చింది. అనిల్ విశ్వనాథ్ దర్శకుడు. రెండో భాగం 2023లో థియేటర్లలో విడుదలైంది. సత్యం రాజేష్, బాలాదిత్య, కామాక్షి భాస్కర్ల, అందరూ ఊరి మనుషుల్లాగే ఉన్నారు. మాట, నడక, ఇళ్ళు అన్నీ మనవే అనిపిస్తాయి. ఇంత చిన్న పెట్టుబడితో ఇంత పట్టుగా కథ నడపడం మెచ్చుకోవలసిందే. ఒక్క పేచీ ఉంది. చేతబడిని ఆ చిత్రం కథకు ఇరుసుగా వాడుకున్నది. ప్రేక్షకుడికి అది ఒక మలుపు. చేతబడి అనుమానం ఏ వాకిట్లో వాలుతుందో చూసినవాడికి ఆ మలుపు దగ్గర మనసు ఆగిపోతుంది. తీయకూడదని అనను. అనే హక్కు నాకు లేదు. తీసేవాడికి ఆ బరువు తెలిసి ఉండాలని మాత్రం కోరుకుంటాను.

ఇక 'మసూద'. 2022 నవంబరులో వచ్చింది. సాయి కిరణ్‌కు దర్శకుడిగా మొదటి చిత్రం. 'మళ్ళీ రావా', 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' వంటి చిన్న సినిమాలను నమ్ముకున్న నిర్మాత రాహుల్ యాదవ్ నక్కా తీశారు. నీలం అనే ఉపాధ్యాయురాలు, భర్తకు దూరంగా కూతురితో ఉంటుంది. ఆ పాత్రలో సంగీత. కూతురు నాజియాగా బాంధవి శ్రీధర్. పక్క ఫ్లాటులో గోపీ అనే కుర్రవాడు, తిరువీర్ వేశాడు. ఒక రాత్రి కూతురి ప్రవర్తన మారుతుంది. తల్లి వెళ్ళి పక్కింటి తలుపు తడుతుంది.

గోపీ ధైర్యవంతుడు కాడు. చాలా భయస్తుడు. సినిమా పొడవునా భయపడుతూనే ఉంటాడు, ఆ భయాన్ని తిరువీర్ ఎక్కడా దాచుకోలేదు. అయినా పిలిచినప్పుడల్లా వస్తాడు. వెళ్ళిపోవడానికి ఎన్నో అవకాశాలున్నా వెళ్ళడు. రెండో సగంలో పూర్వకథ కొంచెం సాగిందని, నెత్తురు ఎక్కువైందని విమర్శించేవారితో నాకు తగువు లేదు. నాకు ఆ సినిమా అంతా ఆ తలుపు దగ్గరే ఉంది. భయపడుతున్న మనిషి భయపడుతూనే తలుపు తీయవచ్చు. బావి దగ్గర బిందె పక్కకు జరపకుండా ఉండటానికి ధైర్యం అక్కర్లేదు. భయపడుతూనే అక్కడే నిలబడి ఉంటే చాలు. పదకొండేళ్ళప్పుడు ఆ సంగతి నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మంచి భయానక చిత్రానికి నా కొలత ఇదే. అందులో దెయ్యం ఎంత భయపెట్టిందన్నది నాకు రెండో ప్రశ్న. భయపడ్డవాళ్ళు పక్కవాణ్ణి ఏం చేశారన్నది మొదటి ప్రశ్న. డబ్బున్న సినిమా మొదటిదాన్ని గంట సేపు తప్పించుకోగలదు, చూపించడానికి దానికి బోలెడు సరంజామా ఉంటుంది. చిన్న సినిమాకు ఆ దారి లేదు. కెమెరా ముందు ఉన్నది నలుగురు మనుషులే కాబట్టి, వాళ్ళు ఒకరికొకరు ఏమవుతారో చూపించక తప్పదు.

* * *

కిందటి దసరాకు ఊరికి వెళ్ళాను. మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. వాడూ వాడి స్నేహితులూ ఎక్కడినుంచో ప్రొజెక్టర్ తెచ్చారు. మా ఇంటి వెనక గోడకు కొత్తగా సున్నం వేసి ఉంది. ఏదైనా దెయ్యం సినిమా వేయమని నన్నే అడిగారు. ఎవరి అనుమతీ అక్కర్లేని సినిమా నా దగ్గర ఒకటుంది కదా. రొమెరో చిత్రం పెట్టాను. ఇంగ్లీషు మాటలు వాళ్ళకు వేగంగా అందడం లేదని నేను పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ పోయాను. చేర్యాల పటం ముందు నిలబడ్డవాడిలాగా. మొదట నవ్వారు. నలుపు తెలుపుల సినిమా అని, దెయ్యాలు మెల్లగా నడుస్తున్నాయని. తర్వాత నవ్వడం మానేశారు.

ఈసారి కరెంటు పోలేదు. సినిమా చివరి దాకా ఆడింది. నేను ఒక్క మాట కూడా కల్పించలేదు. తుపాకీ పేలింది, ఛాయాచిత్రాలు వచ్చాయి, గోడ మళ్ళీ తెల్లగా అయింది. ఎవరూ లేవలేదు. కాసేపటికి మేనల్లుడు అడిగాడు.

"మామా, వాడు మనిషే గదా. ఎందుకు కాల్చిన్రు?"

అప్పుడు చెప్పాను. పందిరి పక్కన టీవీ, పిల్లికూన, కరెంటు పోవడం, బడి గోడ, గుడాల గంప, చెరువు కట్ట కింద రాళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది. మా అమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని వింటోంది. అయిపోయాక ఆమే మొదట మాట్లాడింది. "నువ్వు చెప్పకుంటె ఇంకోడు చెప్తుండె బిడ్డా. గప్పటి మనుషులం గట్లనే ఉంటిమి." నన్ను ఓదార్చడానికే అన్నది. ఆ మాటలో నాకు ఓదార్పు దొరకలేదు, ఆమెకూ దొరికినట్టు లేదు. చాలాసేపు కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

మేనల్లుడు ఇంకో ప్రశ్న అడిగాడు. "ఆ అవ్వ పేరేంది మామా?"

నాకు తెలియదు. అప్పటిదాకా తెలియదన్న సంగతే నాకు తట్టలేదు. పిల్లి అవ్వ అన్నాము, ముసలామె అన్నాము, ఆఖరికి ఇంకో మాట అన్నాము. అమ్మకు తెలుసు. చెప్పింది. ఆమె వెళ్ళిన నాలుగేళ్ళకు బిడ్డ ఇంట్లోనే చనిపోయిందని కూడా అప్పుడే చెప్పింది. మర్నాడు పొద్దున చెరువు వైపు నడిచి వెళ్ళాను. గూనపెంకల ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. మొండిగోడ ఒకటి మిగిలి ఉంది, దాని పక్కన ఎవరో పత్తికట్టెలు పేర్చుకున్నారు.

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకసారి అడగకుండా ఆమెను నా కథలోకి లాగినవాణ్ణి. రెండోసారి ఆ పని చేయలేను. మా మేనల్లుడికీ, వాడి స్నేహితులు అయిదుగురికీ ఆ పేరు తెలుసు. గోడ మీద వచ్చే ఏడాది ఇంకో సినిమా వేయమన్నారు. 'మసూద' వేద్దామని చెప్పాను.